ఏడు నెలలకే బుష్ చిరిగిందంటే తప్పు పార్ట్‌ది కాకపోవచ్చు

ప్రశ్న: అన్నా నమస్తే. నా కారుకి తొమ్మిదేళ్లు, 1,10,000 కిలోమీటర్లు తిరిగింది. పోయినేడాది బ్రేక్ కొట్టినప్పుడల్లా ముందు ఎడమవైపు కింద నుంచి "ధబ్" అని ఒక్క సౌండ్ వచ్చేది. మెకానిక్ ఆ వైపు లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద నుంచి ఛాసీకి కలిపే ఇనప చెయ్యి) మొత్తం కొత్తది వేశాడు, నేను పక్కనే నిలబడి చూశాను, కారు లిఫ్ట్ మీద ఉండగానే గన్‌తో అన్నీ టకటకా బిగించి దించేశాడు. ఏడు నెలలకే మళ్లీ అదే సౌండ్. వంగి చూస్తే ఆర్మ్ ఛాసీకి తగిలే చోట ఉండే ముందు బుష్‌లో లోపలి గొట్టం చుట్టూ రబ్బరు చిరిగి ఉంది. కుడివైపు మాత్రం కారుతో వచ్చిందే, ఇంకా బాగానే ఉంది. డూప్లికేట్ పార్ట్ వేశారేమో అని ఈసారి ఒరిజినల్ ఆర్మ్ నేనే తెప్పించుకున్నాను. ఇంట్లోనే మార్చుకోవాలని ఉంది. సాకెట్ సెట్ ఉంది, కారుతో వచ్చిన జాకీ ఉంది, నాన్న సాయం ఉంటారు. చేయగలనా? ఇంకోటి, ఆర్మ్ మొత్తం కాకుండా బుష్ ఒక్కటే మార్చుకుంటే సరిపోయేదా?

సమాధానం: తమ్ముడూ, చేయగలవు. విప్పాల్సిన బోల్టులు నాలుగైదే, బ్రేక్ ఆయిల్ తీసేది లేదు, స్ప్రింగ్ జోలికి అసలు వెళ్లం. కాకపోతే నీ ఉత్తరంలో ఒక ముక్క దగ్గర నేను ఆగిపోయాను, కారు లిఫ్ట్ మీద ఉండగానే బిగించి దించేశాడు అన్నావు చూడు, అక్కడ. నీ మొదటి ప్రశ్నకంటే ముందు దాని సంగతి చెప్పాలి, ఎందుకంటే అది తెలియకుండా నువ్వు ఎంత ఒరిజినల్ పార్ట్ వేసుకున్నా ఇంకో ఏడెనిమిది నెలలకి మళ్లీ కారు కింద దూరాల్సి వస్తుంది.

కొత్త ఆర్మ్ ఎలాగూ నీ దగ్గరే ఉంది కదా, దాని ముందు బుష్ ఒకసారి వెలుతురులో పెట్టి చూడు. బయట ఒక ఇనప రింగు, లోపల బోల్టు దూరే ఇనప గొట్టం, రెండింటి మధ్యలో రబ్బరు. ఆ రబ్బరు అటు రింగుకీ ఇటు గొట్టానికీ అతుక్కుని ఉంటుంది, ఎక్కడా జారదు. చాలామంది ఏమనుకుంటారంటే తలుపు బందులో సీల తిరిగినట్టు బోల్టు చుట్టూ ఈ గొట్టం తిరుగుతుంది అనుకుంటారు. తిరగదు. బోల్టు గట్టిగా బిగించగానే గొట్టం బ్రాకెట్ రెండు రేకుల మధ్య నొక్కుకుపోయి కదలకుండా అయిపోతుంది, ఇక చక్రం పైకీ కిందికీ ఆడినప్పుడల్లా జరిగేదంతా రబ్బరు మెలిపడటమే, తడిబట్ట ఒక చివర పట్టుకుని రెండో చివర తిప్పినట్టు.

అంటే బోల్టు బిగించిన క్షణంలో ఆర్మ్ ఏ కోణంలో ఉందో రబ్బరుకి అదే "మెలి లేని" స్థానం. ఇప్పుడు లెక్క చూడు. చక్రం గాల్లో వేలాడుతుంటే మామూలు ఎత్తుకంటే ఒక 8 సెంటీమీటర్లు కిందికి దిగిందనుకుందాం, ఆర్మ్ పొడవు 35 సెంటీమీటర్లు అనుకుందాం, అప్పుడు ఆర్మ్ దాదాపు 13 డిగ్రీలు కిందికి వంగి ఉన్నట్టు. ఆ స్థితిలో బిగించి కారు దించావంటే కారు ఊరికే నిలబడి ఉన్నా రబ్బరు 13 డిగ్రీలు మెలిపడే ఉంటుంది. రాత్రంతా పార్కింగ్‌లో ఉన్నా అంతే. పొద్దున బయల్దేరి స్పీడ్ బ్రేకర్ ఎక్కితే చక్రం ఇంకో 6 సెంటీమీటర్లు పైకి వస్తుంది, అంటే ఇంకో పది డిగ్రీలు, మొత్తం 23. అదే కారు బరువు చక్రాల మీద ఉన్నప్పుడు బిగించి ఉంటే ఆ స్పీడ్ బ్రేకర్ దగ్గర రబ్బరు పడే మెలి పది డిగ్రీలే, నిలబడి ఉన్నప్పుడు సున్నా. ఆ రబ్బరు పది డిగ్రీల పనికి చేసింది, రోజూ ఇరవై మూడు చేయిస్తే గొట్టం దగ్గర అతుకు ఊడిపోతుంది. నువ్వు రాసిన చీలిక, గొట్టం చుట్టూ గుండ్రంగా ఉన్నది, మెలి వల్ల వచ్చే చీలిక లాగానే ఉంది. కుడివైపు ఫ్యాక్టరీలో బిగించింది లక్ష కిలోమీటర్లు దాటినా బాగుంది, ఎడమవైపుది ఏడు నెలలకే పోయింది, రోడ్లు రెండిటికీ ఒకటే. అందుకే పార్ట్ కంటే ముందు బిగింపునే అనుమానిస్తాను.

ఇంకో కారణం కూడా ఒకసారి చూసుకో, ఆ బుష్ మీద ఇంజన్ ఆయిల్ గానీ స్టీరింగ్ ఆయిల్ గానీ కారుతోందా అని. నూనె తగిలిన రబ్బరు ఉబ్బి మెత్తబడి వేలికి నల్లగా అంటుకుంటుంది. అలా ఉంటే ముందు లీకు ఆపాలి, లేకపోతే కొత్తదీ అంతే అవుతుంది.

నేను మొదటిసారి సొంతంగా ఆర్మ్ మార్చుకున్నప్పుడు గాల్లోనే బిగించేశాను. పని బాగా అయిందని సంతోషపడ్డాను కూడా, చాలా రోజులు. తర్వాత సౌండ్ మొదలైతే కింద దూరి చూశాను, చీలికలో గోరు దూరింది. అప్పుడు సర్వీస్ మాన్యువల్ తీసి చదివితే ఒక్క లైను ఉంది, బండి బరువు చక్రాల మీద ఉండగా బుష్ బోల్టులు ఫైనల్‌గా బిగించాలి అని. నీకు ఈ సమాధానం ఇంత పొడుగ్గా రాస్తున్నది ఆ ఒక్క లైను కోసమే.

సరే, ఇప్పుడు పని. ముందు నువ్వు మార్చబోయేదే అసలు జబ్బు అని ఖాయం చేసుకో. చిరిగిన రబ్బరు కంటికి కనపడింది కాబట్టి బుష్ సంగతి తేలిపోయింది, కానీ పక్కన ఇంకేమైనా ఉందేమో ఇప్పుడే చూడటం మంచిది, ఎలాగూ చక్రం లేపుతావు కదా. లేపిన చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపు, ఆట ఉంటే అది బాల్ జాయింట్ (ఆర్మ్ బయటి చివరని చక్రం వైపు కలిపే గుండు కీలు) కావచ్చు, వీల్ బేరింగ్ కావచ్చు. ఎలా తెలుస్తుందంటే నాన్నని బ్రేక్ నొక్కి పట్టుకోమని మళ్లీ ఊపు, బ్రేక్ నొక్కగానే ఆట మాయమైతే బేరింగ్, నొక్కినా ఆడుతుంటే బాల్ జాయింట్ వైపు చూడాలి. కుడి ఎడమల పట్టుకుని ఊపితే ఆడిందా, స్టీరింగ్‌ని చక్రానికి కలిపే టై రాడ్ ఎండ్ మీద చెయ్యి పెట్టి చూడు, అరిగి ఉంటే వేలికి తెలుస్తుంది. లింక్ రాడ్ (స్టెబిలైజర్ బార్ చివర ఉండే సన్న కడ్డీ) పోతే సౌండ్ వేరే, చిన్న చిన్న గతుకుల మీద టకటకా కొడుతూనే ఉంటుంది, బ్రేక్‌తో సంబంధం ఉండదు.

మొదలుపెట్టే ముందురోజే కింద చూడాల్సిన విషయం ఇంకొకటి ఉంది. ఆర్మ్ ముందు బోల్టు బయటికి రావడానికి చోటు ఉందా? కొన్ని కార్లలో, ముఖ్యంగా గేర్ బాక్స్ ఉన్న వైపు, బోల్టు సగం వరకు వచ్చి గేర్ బాక్స్‌కో బాడీకో తగిలి ఆగిపోతుంది, ఇంజన్ మౌంట్ విప్పి ఇంజన్ కొంచెం ఎత్తితే గానీ రాదు, లేదా ఇంజన్ కింద అడ్డంగా ఉండే క్రాస్ మెంబర్ దించాలి. చక్రం విప్పి, అన్నీ లూజ్ చేసి, సాయంత్రం ఆరింటికి ఈ సంగతి తెలిస్తే ఆ కారు ఆ రాత్రి అలా స్టాండ్ల మీదే ఉంటుంది. అందుకని బోల్టు పొడవెంతో, దాని ముందు ఖాళీ ఎంతో టార్చ్ వేసి చూసుకో. నీ కారు అలాంటిదైతే ఈ పని ఇంట్లో వద్దు.

చోటు ఉందనుకో, ఆ రాత్రే బోల్టుల మరల మీద తుప్పు వదిలించే స్ప్రే కొట్టి వదిలెయ్. రబ్బరు మీద పడకుండా కొట్టు. కొత్త ఆర్మ్‌నీ, కారు కింద ఉన్నదాన్నీ పోల్చి చూడు, ఎడమ కుడి తేడా ఉంటుంది, కన్నాల స్థానం, బాల్ జాయింట్ కాడ లావు, అన్నీ సరిపోవాలి. బోల్టులూ నట్లూ కొత్తవి తెచ్చుకున్నావా? లోపల నైలాన్ రింగు ఉన్న నట్టు ఒకసారి విప్పితే దాని పట్టు పోతుంది. కొన్ని కార్లలో బోల్టుని ఇన్ని న్యూటన్ మీటర్లు బిగించి ఆపైన ఇంకో 90 డిగ్రీలో 180 డిగ్రీలో తిప్పమని ఉంటుంది, ఆ రకం బోల్టులు బిగించినప్పుడు సాగుతాయి, మళ్లీ వాడకూడదు. నీ కారు సర్వీస్ మాన్యువల్‌లో ఆ పేజీ ఒక్కటి సంపాదించు, టార్క్ అంకెలు, అంటే ఏ బోల్టు ఎంత బలంతో బిగించాలో, అందులో ఉన్నవే వాడాలి, ఎవరో చెప్పినవి, నేను చెప్పినవి కూడా కాదు.

టార్క్ రెంచ్ కావాలి, అది నీ లిస్టులో లేదు. కొనకపోయినా పర్వాలేదు, ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకో. మీటరు పొడవున్న రాడ్డు చివర 10 కిలోల బరువు వేలాడదీస్తే వచ్చే బిగింపు దాదాపు 98 న్యూటన్ మీటర్లు, ఆర్మ్ బోల్టులకి అడిగేది చాలావరకు ఆ చుట్టుపక్కలే ఉంటుంది. నీ సాకెట్ సెట్‌లో ఉన్న జానెడు రాచెట్‌తో అంత వచ్చిందో లేదో చేతికి తెలియదు, ఒక్కోసారి తక్కువ అవుతుంది, ఒక్కోసారి మర పోయేంత అవుతుంది. ఆ చిన్న రాచెట్‌తో తుప్పు పట్టిన బోల్టు విప్పబోయినా రాచెటే విరుగుతుంది, విప్పడానికి పొడుగు బ్రేకర్ బార్ వేరే ఉండాలి. టార్క్ రెంచ్‌తో విప్పకు, అది బిగించడానికే.

ఇక జాకీ. ఇక్కడ నేను కొంచెం గట్టిగానే చెప్తాను. కారుతో వచ్చిన జాకీ పంక్చరైన చక్రం మార్చుకోవడానికి ఇచ్చింది, దాని మీద కారు నిలబెట్టి కింద చెయ్యి పెట్టడానికి కాదు. నువ్వు ఈ పనిలో బార్ పెట్టి లాగుతావు, సుత్తితో కొడతావు, కారు అటూ ఇటూ కదులుతుంది, ఆ సన్న కాలు మీద అదంతా ఆగదు. రెండు స్టాండ్లు ఉండాలి, ఒక్కోటి 2 లేదా 3 టన్నులవి, కింద గట్టి సిమెంటు నేల ఉండాలి. మట్టి నేల మీద స్టాండు కాలు మెల్లగా దిగబడుతుంది, నా కళ్ల ముందు ఒకసారి అలా దిగబడి కారు పక్కకి ఒరిగింది, అప్పుడు కింద ఎవరూ లేరు కాబట్టి ఈరోజు నీకు మామూలుగా చెప్పగలుగుతున్నాను. స్టాండ్లు దొరకకపోతే ఆర్మ్ కొత్తదైనా సరే డబ్బాలోనే ఉంచు.

ముందు చక్రాలతో నడిచే కారైతే ఒక విషయం మర్చిపోవద్దు, ముందు భాగం లేపాక గేర్‌లో ఉంచినా కారుని ఆ గేర్ ఆపలేదు, చక్రాలు గాల్లోనే తిరుగుతాయి. ఆపేది వెనక చక్రాలే, కాబట్టి హ్యాండ్ బ్రేక్ గట్టిగా వేసి, వెనక రెండు చక్రాలకీ ముందూ వెనకా దిమ్మలు పెట్టు.

లేపకముందు ఇంకో పని, అన్నిటికంటే చిన్నది, అన్నిటికంటే ముఖ్యమైనది. కారు చదునైన చోట ఉండగా, నాలుగు చక్రాలూ నేల మీద ఉండగా, ముందు రెండుసార్లు బానెట్ వైపు నొక్కి వదులు, సస్పెన్షన్ కుదురుకుంటుంది. తర్వాత టేపు తీసుకుని చక్రం సరిగ్గా మధ్య నుంచి నిలువుగా పైన ఫెండర్ అంచు దాకా కొలువు. 37 సెంటీమీటర్లు వచ్చిందనుకో, ఆ అంకెని ఫెండర్ మీదే పేపర్ టేపు అతికించి రాసెయ్. రెండు వైపులా కొలిచి రాయి. సాయంత్రం చేతులన్నీ మురికి అయి, అలిసిపోయి, అయిపోయిందిలే అనిపించే టైమ్‌లో ఆ టేపు ముక్కే నిన్ను ఆపుతుంది.

చక్రం నట్లు నేల మీద ఉన్నప్పుడే అర చుట్టు లూజ్ చేసి, అప్పుడు లేపు. ముందు రెండు వైపులా లేపాలి, ఒక్క వైపు కాదు. ఎందుకంటే ఎడమ కుడి చక్రాలని కలిపే స్టెబిలైజర్ బార్ ఉంటుంది కదా, ఒక చక్రం నేల మీద ఇంకోటి గాల్లో ఉంటే ఆ బార్ మెలిపడి ఆర్మ్ మీద బలం పెడుతుంది, బాల్ జాయింట్ బయటికి రాదు, వచ్చినా ఎగిరి కొడుతుంది. లింక్ రాడ్ ఆర్మ్‌కే తగిలించి ఉన్న కారైతే దాని నట్టు విప్పాలి. విప్పేటప్పుడు లోపలి కాడ కూడా నట్టుతో పాటు తిరుగుతుంటే, కాడ చివర అలెన్ కీ కన్నం గానీ వెనకాల పానా పట్టే చదును గానీ ఉంటుంది చూడు, అది కదలకుండా పట్టుకుని నట్టు తిప్పాలి. స్టీరింగ్ ఎడమకో కుడికో తిప్పుకుంటే చెయ్యి దూరడానికి చోటు వస్తుంది.

ఆర్మ్ ఛాసీ వైపు బోల్టులు ముందు లూజ్ మాత్రం చెయ్, తీసేయకు. బోల్టు బయటికి వచ్చే కన్నం సాగదీసి ఉంటే, అంటే ఆర్మ్ అటూ ఇటూ జరిపి అలైన్‌మెంట్ సెట్ చేసే రకమైతే, విప్పక ముందే వాషర్ ఎక్కడ కూర్చుందో పెయింట్‌తో గీత గీసుకో.

తర్వాత బాల్ జాయింట్. రెండు రకాలు ఉంటాయి. ఒకదాంట్లో బాల్ జాయింట్ కాడ నకల్‌లో (చక్రం హబ్‌ని పట్టుకుని ఉండే ఇనప దిమ్మ) నిటారుగా దూరి ఉంటుంది, పక్క నుంచి ఒక బోల్టు దాన్ని నొక్కిపెట్టి ఉంటుంది. ఆ బోల్టు కాడ మీద ఉన్న గాడిలో కూర్చుంటుంది కాబట్టి లూజ్ చేస్తే చాలదు, పూర్తిగా బయటికి లాగాలి. తర్వాత నకల్ చీలికలో మొద్దు ఉలి గానీ పెద్ద స్క్రూ డ్రైవర్ గానీ పెట్టి కొంచెం తెరిచి, ఆర్మ్ మీద పొడుగు బార్ వేసి కిందికి నొక్కితే కాడ జారుతుంది. కొంచెం అంటే కొంచెమే, ఉలిని అడుగు దాకా దిగ్గొడితే నకల్ పగులుతుంది. రెండో రకంలో కాడ కోసుగా ఉండి నట్టుతో బిగించి ఉంటుంది, నట్టు తిరగకుండా అడ్డుపెట్టే కాటర్ పిన్ కూడా ఉండొచ్చు. పిన్ తీసి, నట్టుని మూడు నాలుగు మరల మీద ఉంచి, కాడ దూరిన నకల్ కన్ను పక్కన సుత్తితో గట్టిగా రెండు మూడు దెబ్బలు వెయ్యి, కాడ మీద కాదు, దాని చుట్టూ ఉన్న ఇనుము మీద. ఠక్కున వదిలేస్తుంది. నట్టు పూర్తిగా ఎందుకు తీయొద్దన్నానంటే వదిలినప్పుడు ఆర్మ్ నీ కాలి మీద పడకుండా అదే పట్టుకుంటుంది.

బాల్ జాయింట్ వచ్చేశాక నకల్ స్వేచ్ఛగా బయటికి వాలుతుంది. దాన్ని వాలనివ్వకు. డ్రైవ్ షాఫ్ట్ లోపలి జాయింట్ బయటికి జారిపోతే ఇది ఇంకో పెద్ద పని అవుతుంది, బ్రేక్ గొట్టం, ఏబీఎస్ వైరు కూడా లాక్కుపోతాయి. ఒక తాడు తీసుకుని నకల్‌ని స్ట్రట్‌తో (స్ప్రింగూ షాక్ అబ్సార్బరూ కలిసి నిలువుగా ఉండేది) కలిపి కట్టెయ్. మధ్యలో ఉన్న పెద్ద యాక్సిల్ నట్టు ఈ పనికి అవసరం లేదు, దాని మీద చెయ్యి వేయకు. అలాగే స్ట్రట్ పైన, బానెట్ తీస్తే మధ్యలో కనపడే నట్టు, అది కుదించి పెట్టిన స్ప్రింగ్‌ని పట్టుకుని ఉంది, మనకి దాంతో పనే లేదు.

ఇప్పుడు ఛాసీ బోల్టులు లాగి ఆర్మ్ దించు. బోల్టు గొట్టం లోపల తుప్పుతో అతుక్కుపోయి ఉంటే తిప్పుతూ లాగాలి. ఛాసీ లోపల వెల్డింగ్ చేసి ఉన్న నట్టు ఊడి బోల్టుతో పాటు తిరగడం మొదలైందా, అక్కడితో ఆపెయ్. ఛాసీ కోసి కొత్త నట్టు వెల్డ్ చేసే పని అది, ఇంట్లో కాదు, అన్నీ వెనక్కి బిగించి మెల్లగా వర్క్‌షాప్‌కి తీసుకెళ్లడమే. ఇలా ఆపడం ఓడిపోయినట్టేం కాదు.

కొత్తది ఎక్కించడం సులువు. బాల్ జాయింట్ కాడకి ఉన్న ప్లాస్టిక్ మూత తీసి, కాడా అది దూరే కన్నమూ పొడి గుడ్డతో తుడువు, గ్రీజు ఆయిల్ ఏమీ పూయొద్దు, కోసు కాడ పొడిగా ఉంటేనే పట్టు. బుష్ బిగుతుగా ఉండి బ్రాకెట్‌లో దూరకపోతే కూడా ఆయిల్ రాయకు, సబ్బు నీళ్లు చాలు. బోల్టులన్నీ ముందు చేత్తో మూడు నాలుగు చుట్లు తిప్పు, చేత్తో తిరగని బోల్టు మీద పానా పెట్టకు. బాల్ జాయింట్ నట్టు ఇప్పుడే, గాల్లోనే, మాన్యువల్ ప్రకారం బిగించుకోవచ్చు, అక్కడ మెలిపడే రబ్బరేమీ లేదు. కాటర్ పిన్ కన్నం నట్టు గాడికి ఎదురుగా రాకపోతే ఇంకొంచెం ముందుకే బిగించి కలుపు, వెనక్కి మాత్రం తిప్పొద్దు. బుష్ బోల్టులు మాత్రం ఆర్మ్ కదలకుండా ఊరికే ఆనేంత, ఆగిపో. లింక్ రాడ్ కూడా ఇప్పుడు పెట్టకు.

ఇక అసలు ఘట్టం. చక్రాలు వేసి, నట్లు ఓ మాదిరిగా బిగించి, రెండు ముందు టైర్ల కిందా వెడల్పాటి గట్టి చెక్కలు పేర్చి కారుని వాటి మీదికి దించు. చెక్కలు టైరు కంటే వెడల్పుగా ఉండాలి, ఇటుకలు వద్దు, ఇటుక బరువుకి ఒక్కసారిగా పగులుతుంది. దించాక స్టాండ్లు తీసేయకు, ఛాసీ కింద వేలెడు సందు ఉండేలా అక్కడే ఉంచు, ఏదైనా జారితే కారు దాని మీద ఆగుతుంది. ఇప్పుడు నాన్నని బానెట్ వైపు రెండు మూడు సార్లు నొక్కి వదలమను, నువ్వు అప్పుడు కింద ఉండకు. లేపి దించినప్పుడు టైర్లు నేలని పట్టుకుని కారు కొంచెం ఎత్తులోనే ఆగిపోయి ఉంటుంది, నొక్కితే దిగుతుంది. టేపు పెట్టి కొలువు. 38 చూపిస్తే ఇంకోసారి నొక్కండి. పొద్దున రాసుకున్న 37కి వచ్చిందా, అప్పుడు కింద దూరి ముందు బుష్ బోల్టుకి టార్క్ రెంచ్ పెట్టి బిగించు, క్లిక్ వినపడే దాకా. ఏడు నెలల క్రితం నీ కారుకి జరగనిది ఈ రెండు నిమిషాల పనే.

వెనక బుష్ బోల్టు నిలువుగా ఉండే కారైతే అది ఎప్పుడు బిగించినా పెద్ద తేడా ఉండదు, దాని గొట్టం కోణం బ్రాకెటే నిర్ణయిస్తుంది, ఆర్మ్ కాదు. అడ్డంగా ఉన్న బోల్టులకే ఈ మెలి గొడవ. అయినా రెండూ ఇప్పుడే బిగించేసుకో, గుర్తుపెట్టుకోవడానికి సులువు. లింక్ రాడ్ కూడా ఇప్పుడు తగిలించు, రెండు చక్రాలూ సమానంగా ఉన్నాయి కాబట్టి బలవంతం లేకుండా కన్నంలో దూరుతుంది.

చక్రం వేసి ఉంటే బోల్టు అందని కార్లు కొన్ని ఉంటాయి. అప్పుడు చక్రం లేకుండానే, కారు స్టాండ్ల మీద ఉండగా, ఇంకో జాకీ ఆర్మ్ బయటి చివర బాల్ జాయింట్ దగ్గర పెట్టి మెల్లగా లేపుతూ హబ్ మధ్య నుంచి ఫెండర్ దాకా అదే 37 వచ్చే దాకా తీసుకురావాలి. ఇక్కడ ప్రమాదం ఏంటంటే ఆ ఎత్తుకి వచ్చేసరికి ఆ మూల బరువంతా జాకీ మీదికి వచ్చేసి స్టాండు తేలిపోతుంది. అందుకని నాన్న పని కొలవడం కాదు, స్టాండునే చూస్తూ ఉండటం. తేలుతోందనిపించగానే ఆపమనాలి, ఆగి ఎంత వచ్చిందో చూడు, 37 బదులు 38 దగ్గర బిగించినా రబ్బరుకి మెలి ఒకటి రెండు డిగ్రీలే, దాంతో నష్టం లేదు. ఈ పద్ధతిలో నీ శరీరం కారు కింద ఉండకూడదు, పక్క నుంచి చేతులు మాత్రమే. నాకైతే చెక్కల పద్ధతే ఇష్టం, టైమ్ ఎక్కువైనా సరే.

చక్రం నట్లు ఒకదానికి ఎదురుగా ఒకటి చొప్పున టార్క్ పెట్టి బిగించుకో, రెండు మూడు రోజులు నడిపాక మళ్లీ ఒకసారి చూడు. మొదటిసారి బయటికి తీసినప్పుడు ఖాళీ రోడ్డు మీద మెల్లగా వెళ్లి బ్రేక్ కొట్టి విను. స్టీరింగ్ నిటారుగా లేకపోయినా, బండి పక్కకి లాగినా కంగారు పడకు, ఆర్మ్ మారితే చక్రాల కోణం కొంచెం మారుతుంది, అలైన్‌మెంట్ చేయించుకోవాల్సిందే. అది బుష్ బోల్టులు ఫైనల్‌గా బిగించాకే చేయించు, ముందు చేయిస్తే వృథా. స్టీరింగ్ తిన్నగానే ఉంది కదా అని మానేయొద్దు, టో (చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండటం) తేడా చేతికి తెలియకపోవచ్చు, టైరు అంచు మాత్రం చకచకా తినేస్తుంది.

ఇక నీ రెండో ప్రశ్న, బుష్ ఒక్కటే మార్చొచ్చా అని. మార్చొచ్చు, చాలా కార్లకి బుష్ విడిగా దొరుకుతుంది, కానీ పాతది తీసి కొత్తది నొక్కి దింపడానికి ప్రెస్ కావాలి, సుత్తితో కొట్టి దింపితే బయటి రింగు వంకర పోతుంది. ఇంకో మెలిక ఏంటంటే కొన్ని బుష్‌ల రబ్బరులో కావాలనే ఖాళీలు వదిలి ఉంటాయి, ఒక దిశలో మెత్తగా ఇంకో దిశలో గట్టిగా ఉండాలని. ఆ ఖాళీలు ఆర్మ్ మీద ఏ వైపు తిరిగి ఉండాలో మాన్యువల్‌లో గుర్తు ఉంటుంది, ఒక పావు చుట్టు తేడాగా దింపితే బ్రేక్ కొట్టినప్పుడు పడే బలం మెత్తటి వైపు పడి త్వరగా పోతుంది. బాల్ జాయింట్ కూడా లక్ష కిలోమీటర్లు తిరిగి ఉంటే ఆర్మ్ మొత్తం మార్చడమే నయం.

నీ విషయంలో అయితే ఏడు నెలల క్రితం వేసిన ఆర్మ్ బాల్ జాయింట్ ఇంకా బాగానే ఉండాలి. కాబట్టి విప్పాక దాన్ని పాత ఇనుముకి వేసెయ్యకు. బాల్ జాయింట్ చేత్తో తిప్పి చూడు, బిగువుగా, ఒకే రకంగా తిరుగుతూ, రబ్బరు తొడుగు చిరగకుండా ఉంటే తుడిచి పక్కన పెట్టుకో, ప్రెస్ ఉన్న చోట ఆ ముందు బుష్ ఒక్కటి మార్పించుకుంటే స్పేర్ ఉంటుంది. దానిమీద "ఎడమ" అని రాసి పెట్టు, కుడివైపుకి పనికిరాదు.